పన్నెండు గుంటలు

బాలానగర్ కాడ, పెద్దరోడ్డు పక్కన,
సీతాఫలం కండ్లు తెరిస్తే ఒక్క పూటనే గడువు.
పొద్దుగాల గట్టిగ ఉంటది, మాపటికి వేలు దిగబడతది,
తెల్లారితే ఈగలకు పెండ్లి.

మిగిలినవి మొగులమ్మ నా కోసం పక్కకు పెడతది.
పగిలినవి, నల్లవడ్డవి, ఉడుత కొరికినవి,
గంప ఇరవై రూపాయలు.
"కుళ్లిన పండ్లు ఏం జేస్తవ్ బిడ్డా, గుడుంబ కాస్తవా?"
కాదని నమ్మించనీకి నాకు మూడు కాతలు పట్టింది.

యూనివర్సిటీల మా గది కిటికీకి అద్దం లేదు, అట్ట ఉన్నది.
ఓవెన్ నూట ఇరవై డిగ్రీలు అందుకున్నప్పుడే
కరెంటుకు పోవాలనిపిస్తది.
అయినా ఆ ఉక్కు డబ్బ లోపల, చీకట్ల,
జిర్కోనియం ముడులు,
ముడికీ ముడికీ నడుమ కర్బనపు పోగులు,
ఒకదాన్నొకటి తడుముకుంట పట్టుకుంటయి.
ఎవరూ అల్లని నులకమంచం.
తీసి ఎండబెడితే తెల్లటి పొడి.
ముగ్గుపిండి అనుకొని మా ఊడ్చే అంతమ్మ
ఒకసారి గడప ముందల ముగ్గేసింది.
రెండు నెలల పని, నాలుగు చుక్కలు.
మంచిగనే ఉండె ముగ్గు.

ఆ పొడి నిండ కండ్లే.
ఒక కంట్ల గ్లూకోజు దూరతది.
లోపల లోహం దాని చెయ్యి పట్టి కొంచెం తిప్పుతది,
ఒక హైడ్రోజన్ పక్కింటికి మారతది,
బయటికొచ్చేది ఫ్రక్టోజు.
ఒక్క పరమాణువు పోలే, ఒక్కటి రాలే,
తీపి మాత్రం పెరిగింది.
ఆ తర్వాత దాంట్లకెంచి మూడు నీళ్లు పోవాలె.
పోతే, మిగిలిన పసుప్పచ్చటి దానితోని
సీసాలు చెయ్యొచ్చు, సంచులు చెయ్యొచ్చని
నా దరఖాస్తుల రాసిన.
ఇంకా ఉడికితే, అంతా మసి.
డబ్బ గోడలకు పట్టిన నల్ల జిగురు
గీకి గీకి నా గోర్లు అరిగినయి.
నీళ్లు పోతే ఏమైతదో
ఈ జిల్లాల పుట్టినోళ్లకు పాఠం చెప్పనక్కర లేదు.

కొన్న గ్లూకోజుకు బుద్ధిగ పనిచేసిన పొడి
మొగులమ్మ పండుకు మొరాయించింది.
గుజ్జు పోయి కండ్లల్ల కూసున్నది.
రెండోసారికి గోధుమరంగు,
మూడోసారికి పూరా గుడ్డిది.

గా దుఃఖం ఎవరికి చెప్పాలె?
గంపల ముందు కూసోని ఆమెకే చెప్పిన.
కాయితంల పొట్లం కట్టిన పొడి విప్పి
ఆమె అరచేతుల చిటికెడు పోసిన.
"ఇది గ్రాము గూడ ఉండదవ్వా.
ఒక్క గ్రాముల లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే
పన్నెండు గుంటలు."
తూకం రాయి కింద పెట్టింది.
"పన్నెండు గుంటలా?"
"ఆ."
"మరి పాసుబుక్కొస్తదా దీనికి?"

ఇద్దరం నవ్వినం. ముందు ఆపింది ఆమెనే.
రోడ్డవతల నీలం గేటు, గేటు ఎనుక
వరుసగ పాతిన తెల్లరాళ్లు, కొత్త ప్లాట్లు.
అటు దిక్కు గదువ ఎత్తి
"మాదీ గంతనే ఉండె" అన్నది.
ఒక లారీ పోయింది. ఇంకో లారీ పోయింది.

అప్పుడు, పండు బేరం చేసే గొంతుతోనే:
"గుజ్జును అట్లనే కుమ్మరిస్తే కండ్లు పోవా మరి?
పాత చీరల మూటగట్టి ఏలాడదియ్యి.
పిసుకకు. రాత్రంత ఉండనియ్యి.
తేట దానంతట అదే దిగుతది."
సంచిల పండ్ల మీద కప్పుకొచ్చిన చీరముక్క,
ఉతికి ఉతికి రంగు మరిచిపోయినది,
పర్రున చింపి ఇచ్చింది.
పొడి మాత్రం తిరిగి ఇయ్యలే.
కొంగున ముడేసుకున్నది.

నిన్నటికి ఆరోసారి. పొడి ఇంకా తెల్లగనే ఉన్నది.
నలభై ఒక శాతం. గొప్పేం కాదు.
మా సారు చదివి, టిక్కు పెట్టి, పేజీ తిప్పిండు:
వడపోత, నూలు గుడ్డ, పన్నెండు గంటలు, ఒత్తిడి లేదు.
ఎవరి గుడ్డనో రాయనీకి
ఆ పట్టికల గడి లేదు.